రెండు వైపులా తెలుపు

పోయిన వారం మనం సున్నం డబ్బా దగ్గర ఆగాం. పటాలం తాత చేతిలోని కుంచె జారి డబ్బాలో పడింది. సున్నం చిమ్మి ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మచ్చలైంది. డెబ్బై ఆరేళ్ళ మనిషి చేతులు వణకడం వింతేమీ కాదు. కానీ ఆ వణుకు వయసుది కాదు, పక్కింటావిడ అడిగిన ఒక్క మాటది.

"అంతా తెలుపే వేస్తున్నారేంటి బాబాయ్? ఎరుపు వైపు ఏది?"

రాయికి ఎరుపు వైపు ఒకటి ఉంటుందని తెలిసినవాళ్ళు లోకంలో తక్కువ. అలాంటి రాళ్ళు పాతినవాళ్ళకి తెలుస్తుంది, వాటి మధ్య నడుస్తూ పెరిగినవాళ్ళకి తెలుస్తుంది. ఒకే కప్పు కింద, రెండు వాటాల ఇంట్లో ఆ ఇద్దరూ గోడకి అటొకరూ ఇటొకరూ ఉంటున్నారేమోనని తాతకి పది నెలలుగా అనుమానం. ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి, మంచి ఎండలో, ఆ అనుమానం తీరిపోయింది.

యుద్ధం గురించి వీధిలో ఎవరు అడిగినా ఆయనది ఒకటే జవాబు. "నేను పాతర్లు తీశాను, ప్రాణాలు తీయలేదు." మందుపాతర్లు ఏరే దళంలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. పరాయి దేశంలో ఎవరో ఎవరితోనో కొట్టుకుని, పొలాల్లో, బాటల్లో పాతిపెట్టి పోయినవాటిని, బోర్లా పడుకుని, సన్నటి ఇనప చువ్వతో నేల పొడుచుకుంటూ ఒక్కొక్కటీ పైకి తీసిన చేతులవి. ఆ జవాబు చెప్పేటప్పుడు ఆయన మెడ నిటారుగా అయ్యేది. పింఛను కన్నా, గోడకి తగిలించిన పతకం కన్నా ఆ ఒక్క మాటే ఆయన ఆస్తి. ముసలాయనకి గర్వం ఎక్కువని గొణుక్కునేవాళ్ళు వీధిలో లేకపోలేదు. ఉండనివ్వండి. గర్వపడడానికి ఒక్కటైనా లేని ఒంటరి మనిషి రోజూ పొద్దున్నే లేచి గడ్డం ఎందుకు గీసుకుంటాడు?

పది నెలల కిందట పక్క వాటాలోకి అన్నాచెల్లెళ్ళు దిగారు. అన్న రొట్టెల బట్టీలో పనిచేస్తాడు, చెల్లెలు లాండ్రీలో కూర్చుని జనం బట్టలకి కుట్లు సరిచేస్తుంది. ఇద్దరూ నడివయసు దాటుతున్నవాళ్ళే, పెళ్ళిళ్ళు లేవు. వాళ్ళు ఏ దేశం నుంచి వచ్చారో ఇంటి ఓనరు చెప్పిన రోజునుంచీ తాత ముఖం చాటేశాడు. రెండు నెలలు పలకరిస్తే పలకలేదు. ఆవిడకి ఎడమ మోకాలి కింద కట్టుడు కాలు ఉందని మొదటి రోజే చూశాడు. ఎలా పోయిందని అడగలేదు. మర్యాద కోసమే అడగడం లేదని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు.

ఆ తర్వాత ఆయన స్నానాల గదిలో జారిపడ్డాడు. తలుపు గొళ్ళెం సందులో కత్తెర దూర్చి ఊడబెరికి, ఆయన్ని లేపి కూర్చోబెట్టింది ఆవిడే. ఆ రోజునుంచీ ఆయన గిన్నెలో వేడి సూపు ఉంటోంది, చొక్కాలకి గుండీలు ఉంటున్నాయి. బాబాయ్ అని పిలిచే గొంతు ఒకటి ఆ ఇంట్లో వినబడుతోంది. ముప్పై ఏళ్ళుగా ఎవరికీ ఏమీ కాని మనిషికి అది ఎంతటి భాగ్యమో వేరే చెప్పాలా?

ఒక్క సంగతి మాత్రం ఆయనకి అంతుపట్టలేదు. రెండు వాటాలకీ కలిపి ముందు ఒకే ముంగిలి. మధ్యలో హద్దుగా జానెడు ఎత్తు రాళ్ళ వరస, ప్రతి ఏడూ తాత సున్నం కొట్టే రాళ్ళే. చిన్నపిల్ల కూడా దాటగలిగే ఆ వరసని ఆవిడ ఎప్పుడూ దాటేది కాదు. సూపు గిన్నె పట్టుకుని తన గేటు బయటికి వెళ్ళి, వీధిలో నడిచి, ఆయన గేటులోంచి లోపలికి వచ్చేది. ఆయన జారిపడి కేక వేసిన రోజు కూడా చుట్టూ తిరిగే వచ్చింది. ఆ కుంటి పరుగు వీధిలో టకటకమని వినబడుతూ, దగ్గరవుతూ రావడం ఆయనకి ఇంకా చెవుల్లో ఉంది.

ఇప్పుడు ఆవిడ తన వైపు స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో ఎవరిదో ప్యాంటు పెట్టుకుని అంచు మడిచి కుడుతోంది. తాత డబ్బాలోంచి కుంచె తీశాడు. వేళ్ళ నిండా సున్నం.

"ఎరుపు సంగతి నీకెలా తెలుసమ్మా?"

"మా ఊళ్ళో పిల్లలకి అక్షరాల కన్నా ముందు అదే నేర్పేవాళ్ళు. తెలుపు కనిపించినంతసేపూ నువ్వు దారిలో ఉన్నట్టు. ఎరుపు కనిపించిందా, అక్కడే ఆగి అరవాలి."

"అరవాలి, కదలకూడదు," అన్నాడు తాత. మాట ఆయన్ని అడక్కుండానే బయటికి వచ్చేసింది.

"అవును, కదలకూడదు." ఆవిడ నవ్వింది. "మీరు అక్కడ చేశారని నాకు తెలుసు బాబాయ్. మీ గోడ మీద ఫోటోలో ఆ టోపీలు చూశాగా. ఆ టోపీలు కనిపిస్తే చాలు, బిస్కెట్ల కోసం వెనకాల పరిగెత్తేవాళ్ళం."

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"మీరు చెప్పలేదుగా. గుచ్చి గుచ్చి అడగడమెందుకు? రోజంతా బట్టల్ని గుచ్చేది చాలదా?" సూది ఎత్తి చూపించింది. "ఈ రాళ్ళు కూడా అంతే. ఇవి మీ పూలమొక్కల రాళ్ళని బుర్రకి తెలుసు. కాలికే తెలీదు. అటువైపు ఏ రంగుందో చూడకుండా దాటనంటుంది."

అక్కడితో ఆపేసి ఉండొచ్చు. వాతావరణం గురించో, సున్నం నాణ్యత గురించో ఏదో ఒకటి మాట్లాడి, ఎండెక్కిందని లోపలికి పోయి ఉండొచ్చు. పది నెలలుగా ఆయన చేస్తున్నది అదే. కానీ ఆ ఉదయం నోరు ఊరుకోలేదు.

"ఎక్కడ జరిగింది తల్లీ?"

ఆవిడ దారం కొరికి తెంపింది. "ఊరి బయట. బావికి ఒక దారి, బడికి ఒక దారి. ఇటుక బట్టీ దగ్గర రెండుగా చీలేవి."

తాత కుంచె డబ్బా అంచున పెట్టాడు. ఆ దేశంలో ఇటుక బట్టీలు వందుంటాయని సర్దిచెప్పుకోబోయాడు.

"బట్టీకి పొగగొట్టం..." అన్నాడు నెమ్మదిగా.

"సగమే మిగిలింది. పైన ఏదో పెద్ద పక్షి గూడు ఉండేది."

ఆ గూటి నీడలో కూర్చుని ఆయన అన్నం తిన్నాడు. పక్షి పుల్లలు రాల్చి గిన్నెలో వేస్తుంటే కుర్ర సిపాయిలు నవ్వారు కూడా. ఇక సర్దిచెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. తాత తడిరాయి పక్కనే మట్టిలో చతికిలబడ్డాడు.

ఆవిడ ఆయన్ని చూడటం లేదు. చూపు కుట్టు మీదే ఉంది, మాట ఎక్కడికో వెళ్ళింది.

"వానకి నాలుగు రోజులు బడి మూసేశారు. ఐదో రోజు తెరిచారు. బడి వదిలాక బిందె పట్టుకుని బావికి బయలుదేరాను. చీలిక దగ్గరికి వచ్చేసరికి నాకు మూడు దారులు కనబడ్డాయి బాబాయ్. బావి దారి, బడి దారి, వాటి మధ్యలో ఇంకోటి. రెండు పక్కలా తెల్లరాళ్ళే. మీవాళ్ళు కొత్త దారి తీశారనుకున్నాను. దగ్గర దారి దొరికిందని సంబరపడ్డాను కూడా. పది అడుగులు వేశానో లేదో..."

చెప్పాల్సిన మిగతాదంతా ఆమె మోకాలి కింద ఉంది. చెప్పలేదు.

"నేను తెలుపే చూశాను. ఆసుపత్రిలో కళ్ళు తెరిచి మొట్టమొదట అన్న మాట అదే. కానీ మర్నాటికి ఎవరో సిపాయిలు వచ్చి ఆ రాళ్ళన్నిటికీ లోపలివైపు ఎరుపు వేసి పోయారట. ఊళ్ళోవాళ్ళు వెళ్ళి చూస్తే ఎరుపు. ఇంకేముంది, ఎర్రరాళ్ళు దాటి పరిగెత్తిన పిల్లనైపోయాను. అమ్మ పోయేదాకా అదే మాట. కాస్త చూసి నడవాల్సింది తల్లీ అని. పాపం, తిట్టేది కాదు. తిట్టినా బాగుండేది."

"నువ్వు చెప్పలేదా?"

"ఎన్నిసార్లు చెప్తాం? చెప్పగా చెప్పగా నాకే అనుమానం వచ్చింది, ఎరుపునే తెలుపనుకున్నానేమోనని. ఇప్పటికీ నా కళ్ళ మీద నాకు నమ్మకం లేదు."

అప్పుడు తాతకి దారపు ఉండలు గుర్తొచ్చాయి. సూపు తెచ్చినప్పుడల్లా సంచీలోంచి ఒక ఉండ తీసి, ఇది నీలమేనా బాబాయ్, ఇది గోధుమరంగేనా అని అడిగేది. చూపు మందగించిందేమోనని, కళ్ళజోడు పెట్టించుకోమని ఆయన పోరు పెట్టేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది. పొద్దస్తమానం రంగుల మధ్య బతికే మనిషి, ముప్పై నాలుగేళ్ళుగా, కంటి ముందున్న రంగుని పక్కవాళ్ళని అడిగి ఖాయం చేసుకుంటోంది. 

"మా అన్నయ్య కూడా నమ్మలేదు," అందావిడ. "అలాగని వాణ్ణి ఒక్క మాట అనలేను. వాన పడ్డ ఆ నాలుగు రోజులూ కొట్టంలో కూర్చుని నాకు బండి చేశాడు, నా పదకొండో పుట్టినరోజని. చెక్కపెట్టెకి చక్రాలు బిగించి, ఎర్రటి ఎరుపు రంగు వేసి. మా ఊళ్ళో ఏ పిల్లకీ అలాంటిది లేదు. కాలు పోయాక రెండేళ్ళు ఆ బండిలోనే నన్ను కూర్చోబెట్టి బడికి లాక్కెళ్ళాడు. పద్నాలుగేళ్ళవాడు. వాడి ఈడువాళ్ళు ఆటలకి పోతుంటే వాడు తాడు భుజానేసుకుని నన్ను లాగేవాడు. తర్వాత ఎన్ని సంబంధాలు వచ్చినా చెల్లిని వదిలి రానన్నాడు. అలాంటివాణ్ణి ఏమనగలను?"

గేటు చప్పుడైంది. ఆ అన్నయ్యే. బట్టీ పని దిగి, భుజాల మీద పిండి దుమ్ముతో, చేతిలో వేడి రొట్టెల సంచీతో వస్తున్నాడు. తాతని చూసి తల వంచి నమస్కారం పెట్టాడు. మంచి మనిషి, పెద్దగా మాట్లాడడు. మాట్లాడితే చెల్లెలి మీదే ఏదో ఒక వేళాకోళం.

"రాళ్ళ కథ చెప్తోందా పెద్దాయన గారూ? దాని మాట పట్టించుకోకండి. మా చెల్లి చిన్నప్పట్నుంచీ ఇంతే, చూసి నడవదు."

అని నవ్వాడు. ఆవిడ కూడా అలవాటుగా నవ్వి, తల కుట్టు మీదికి వంచుకుంది. ఆ వేళాకోళం తాత ఇంతకుముందు పదిసార్లు విన్నాడు. గుమ్మంలో చెప్పు తట్టుకున్నా, మెట్టు దిగబోయి తడబడ్డా, అన్న అదే అనడం, ఈవిడ అలాగే నవ్వడం. తనూ వాళ్ళతో కలిసి నవ్వాడు. ఆ నవ్వు కింద ఏం ఉందో ఇవాళ కనబడింది.

చెప్తే ఏం పోతుందో ఆయనకి బాగా తెలుసు. సూపు గిన్నె పోతుంది, బాబాయ్ అన్న పిలుపు పోతుంది, వీధిలో తలెత్తుకుని చెప్పుకున్న ఆ ఒక్క మాటా పోతుంది. చెప్పకపోతే పోయేది ఈవిడ మాట. ఎలాగూ ఎప్పుడో పోయిందేగా, ఇంకెన్నాళ్ళు బతుకుతాను, నాతోపాటే పోనీ అని కూడా ఒక్క క్షణం అనుకున్నాడు. ఆ ఆలోచనకి ఆయనకే సిగ్గేసింది.

రాయి పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఎప్పుడో మరిచిపోయిన భంగిమలో మడమలు దగ్గరికి చేరాయి.

"బాబూ, ఆగు. నువ్వూ వినాలి. మీ చెల్లెలు చూసింది తెలుపే."

ఇద్దరూ ఆయన వంక చూశారు.

"ఆ రాళ్ళు పాతించింది నేను. రంగు వేసింది నా చెయ్యి. ముందు రాయంతా తెలుపు కొడతాం. అది ఆరాక లోపలివైపు, అంటే పాతర్లున్న వైపు, ఎరుపు వేస్తాం. అదీ పద్ధతి. వాన మొదలయ్యే ముందు రోజు చీలిక దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. రెండు దారుల మధ్య ముక్కలో పాతర్లు ఇంకా ఏరలేదు. దాని చుట్టూ పద్నాలుగు రాళ్ళకి తెలుపు ఆరిపోయింది, ఎరుపు వేయాలి. మా లారీలో ఇంకో ఎర్ర డబ్బా ఉండాలి, పొద్దున్న నేనే ఎక్కించాను. వెళ్ళి చూస్తే లేదు. మర్నాడు వేద్దామనుకున్నాను. చీకటి పడకుండానే మా దళానికి కబురొచ్చింది, ఉన్నపళంగా ఉత్తరానికి కదలమని. కదిలాం."

 తాత ఆవిడ వైపు తిరిగాడు.

"వెనక వచ్చేవాళ్ళకి చెప్పానని ముప్పై నాలుగేళ్ళుగా అనుకుంటున్నాను. పద్నాలుగు రాళ్ళకి ఎరుపు బాకీ ఉందని చెప్పినట్టే గుర్తు. కానీ ఎవరికి చెప్పానో ఆ మనిషి మొహం ఎంత తలుచుకున్నా రాదు. అంటే చెప్పలేదన్నమాట. పాతర్లు తీశాను, ప్రాణాలు తీయలేదని వీధంతా చాటుకున్నాను. నీ కాలు తీశానమ్మా. అమాయకురాలివైన నిన్ను అబద్ధాలకోరుని కూడా చేశాను."

 వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"మళ్ళీ చెప్పండి," అంది ఆవిడ.

"ఏది?"

"మొదట అన్న మాట."

"నువ్వు చూసింది తెలుపే తల్లీ. రెండు వైపులా తెలుపే. నీ కళ్ళలో ఏ లోపమూ లేదు."

ఆవిడ ఒళ్ళోని ప్యాంటు పక్కన పెట్టింది. సూదిని జాగ్రత్తగా గుడ్డలో గుచ్చింది, ఎవరికీ గుచ్చుకోకుండా. లేచి రాళ్ళ వరస దగ్గరికి వచ్చింది. ఒక క్షణం ఆగింది. అసలు కాలు ముందు వేసింది, తర్వాత కట్టుడు కాలు ఎత్తి వేసింది. బట్ట అంచుకి తడి సున్నం అంటుకుంది, చూసుకోలేదు. తాత కళ్ళు మూసుకున్నాడు. చెంప మీద పడబోయే దెబ్బ కోసం నిజంగానే ఎదురుచూశాడు. పడితే బాగుండునని కూడా అనిపించింది.

దెబ్బ పడలేదు. ఆవిడ ఆయన ఎదురుగా నిలబడి ఏడుస్తోంది. పదకొండేళ్ళ పిల్ల ఏడ్చినట్టు, ముక్కు చీదుకుంటూ, నోరు వంకరపోతూ ఏడుస్తోంది.

"మీ మీద కోపం ఉంది బాబాయ్. చాలా ఉంది. దాన్ని ఏం చేసుకోవాలో తర్వాత చూస్తాను. ముందు ఇది ఉండనివ్వండి. అమ్మ వినుంటే బాగుండేది. అమ్మ ఒక్కసారి వినుంటే చాలు." చేతిరుమాలు కోసం తడుముకుని, చివరికి మణికట్టుతోనే కళ్ళు తుడుచుకుంది. "అన్నయ్యా, విన్నావా? నేను చూసే నడిచాను. చూసే నడిచానురా!"

రొట్టెలాయన గేటు దగ్గర నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. మొహాన నెత్తురు చుక్క లేదు. చేతిలో సంచీ ఎప్పుడు జారిందో, రొట్టెలు నాలుగు మూలలకీ దొర్లాయి. ఇన్నేళ్ళు చెల్లెల్ని నమ్మనందుకు కుమిలిపోతున్నాడనుకున్నాడు తాత. పాపం అనిపించింది. అతని మీద భారం కాస్త తగ్గిద్దామని, మంచి ఉద్దేశంతోనే అన్నాడు.

"నీ తప్పేముంది బాబూ. ఆ ఒక్క డబ్బా ఉండి ఉంటే అరగంటలో పని అయిపోయేది. ఏమైందో నాకు ఇప్పటికీ తెలీదు. మూత కూడా తీయని డబ్బా. ఆ ఊళ్ళో తినడానికే లేదు. ఎర్ర రంగు ఎవరికి కావాలి, దేనికి పూసుకుంటారు?"

రొట్టెలాయన గబుక్కున వంగి నేల మీద రొట్టెలు ఏరడం మొదలుపెట్టాడు.

ఆవిడ మణికట్టు కళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఏడుపు ఆగింది. అన్న వంగిన వీపు వైపు చూసింది, ఆ భుజాల వైపు చూసింది. రెండేళ్ళు తన కోసం తాడు మోసిన భుజాలు.

"అన్నయ్యా," అంది, చాలా నెమ్మదిగా. "నా బండికి ఎరుపు ఎక్కడ దొరికింది నీకు?"

నేల మీద ఏరడానికి ఇంకేమీ మిగల్లేదు. అయినా అన్న లేవలేదు.